షాపులో చూసి బయట కొనేవాళ్లకు: గేర్ల సైకిలు లెక్క

అనంతపురంలో గేర్ల సైకిలు కొనాలంటే ఊళ్లోని షాపు ఉంది, ఆన్‌లైన్ ఉంది, రైలెక్కితే బెంగళూరు ఉంది. ఎక్కడ కొన్నా తప్పు లేదు. షాపులో కొలతలు తీయించుకొని, రెండు సైకిళ్లు తొక్కి చూసి, ఫ్రేము సైజు ఫోన్‌లో రాసుకొని పోయి అదే మోడల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మాత్రం తప్పే. మీరు తొక్కి చూసిన సైకిలు మీద షాపతని పెట్టుబడి ఉంది. అది నిలబెట్టిన జాగాకు బాడుగ ఉంది. మీకు చెప్పిన మాట వెనక ఏళ్ల పనితనం ఉంది.

బయటే కొనాలని ముందే తేల్చుకున్నారా? అయితే కొలత ఇంట్లోనే తీసుకోండి. చెప్పులు విడిచి గోడకు ఆనుకొని నిలబడి, కాళ్ల మధ్య ఒక అట్టపుస్తకాన్ని సీటులాగా పైకి నొక్కిపెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. ఆ అంకెను కంపెనీ సైజు పట్టికతో పోల్చుకోండి. సైకిలు పై రాడ్డు మీదుగా రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడితే హైబ్రిడ్‌కు (రోడ్డు మీదా, మట్టిదారిలోనూ తొక్కే రకం) అంగుళం, మౌంటెన్ సైకిలుకు కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. తొక్కి చూడందే నమ్మకం కుదరదంటే షాపుకే వెళ్లండి. కానీ ధర కుదిరితే అక్కడే కొనే ఉద్దేశంతో వెళ్లండి.

ధర అడగడానికీ ఒక పద్ధతుంది. "అన్నా, బయట పదిహేడు వేలుంది. నువ్వెంతకిస్తావు? బిగింపు, ఫస్ట్ సర్వీసు అందులోనే వస్తాయా?" అని ఒక్కసారి నేరుగా అడగండి. అతను పద్దెనిమిదిన్నర అన్నాడనుకోండి. ఆ పదిహేను వందల తేడాలోంచి బిగింపు కూలి, మొదటి సర్వీసు, పెట్టె తెచ్చిన ఆటో ఖర్చు తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. చాలాసార్లు మిగిలేది కొంచెమే. తేడా నిజంగానే పెద్దదైతే ఆ మాట మొహం మీదే చెప్పి, హెల్మెట్, తాళం, పంపు అక్కడే తీసుకోండి.

పెట్టెలో వచ్చిన సైకిలు

ఆన్‌లైన్ సైకిలు పూర్తిగా బిగించి రాదు. హ్యాండిలు, ముందు చక్రం, సీటు, పెడళ్లు విడిగా ఉంటాయి. బ్రేకులు, గేర్లు సరిచేసుకోవాలి. ఇంట్లో బిగించేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఎడమ పెడలు. దాని మర తిరకాసుగా ఉంటుంది, గడియారం ముల్లుకు ఎదురు తిప్పితేనే బిగుస్తుంది. తెలియక బలవంతంగా తిప్పితే అల్యూమినియం క్రాంకులో (పెడలు బిగించే కడ్డీలో) మరలు కొట్టుకుపోతాయి, క్రాంకే మార్చాలి. రెండోది, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) వెనక్కి తిరిగి ఉండగానే చక్రం పెట్టేయడం. సీటు మీద కూర్చుంటే ముందు చక్రం బ్రేకు డిస్కు మీ ఎడమ పక్కన ఉండాలి. హ్యాండిలు దగ్గర మొదట పై మూత బోల్టుతో ఆట (వదులు) తీసేసి, ఆ తర్వాతే పక్క బోల్టులు బిగించాలి. ఈ వరస తప్పితే బ్రేకు పట్టినప్పుడల్లా ముందు భాగం టకటకలాడుతుంది.

ఈ పనికి షాపుకు తీసుకెళ్తే గడపలోనే నిజం చెప్పండి: "ఇది ఆన్‌లైన్‌లో తెప్పించినా అన్నా. బిగించేదానికి ఎంతైతాది?" చెప్పిన కూలి మీద బేరం వద్దు. సైకిలు మీద అతనికి రూపాయి రాలేదు, వచ్చేది ఆ కూలి ఒక్కటే. సాయంత్రం రద్దీలో కాకుండా మధ్యాహ్నం పూట వెళ్లండి. పెట్టెలోని నట్లు, వాషర్లు అన్నీ తీసుకెళ్లండి. రిమ్ము వంకరగా ఉన్నా, ఫ్రేముకు సొట్ట పడినా బిగించక ముందే ఫోటోలు తీసి అమ్మినవాళ్లకు పంపండి. ఆ లోపానికి మెకానిక్‌ను నిలదీయడం అన్యాయం. వంద, నూట యాభై కిలోమీటర్లు తిరిగేసరికి కేబుళ్లు సాగుతాయి, చక్రాల పుల్లలు వదులవుతాయి. ఆ సర్వీసుకూ డబ్బులివ్వాల్సిందే.

విడి భాగాలు

టైరు మీద అంగుళాల అంకెను నమ్మి ఆన్‌లైన్‌లో కొంటే దెబ్బతింటారు. 26 అని రాసున్నవన్నీ ఒకటి కావు. 26×2.10 టైరుకు లోపలి కొలత 559 మిల్లీమీటర్లు, 26×1⅜కు 590. ఒకటి ఇంకోదాని రిమ్ముకు ఎక్కదు. పాత టైరు పక్కన 54-559 లాంటి అంకె ఉంటుంది, అది చూసి కొనండి. వెనక పళ్ల చక్రాలూ అంతే. తక్కువ ధర సైకిళ్లకు సాధారణంగా మర మీద బిగించే ఫ్రీవీలు ఉంటుంది, దాని జాగాలో గాళ్లలోకి జారించి బిగించే క్యాసెట్ కూర్చోదు. ఏది సరిపోతుందో షాపతను విప్పి చూసి చెప్పాడంటే ఆ భాగం అతని దగ్గరే కొనాలి. అతని దగ్గర లేకపోతే అడ్వాన్సు ఇచ్చి తెప్పించమనండి, ఓ వారం ఆగండి. తన వల్ల కాదంటే నిశ్చింతగా బయట కొనుక్కొని, అతనితోనే కూలికి బిగించుకోండి.

ట్యూబులు, ప్యాచీలు, బ్రేకు ప్యాడ్లు, చైను మాత్రం ఊళ్లోనే కొనండి. మన దారుల్లో కంపముళ్లకు లోటు లేదు, ఉదయం ఆరింటికి పంక్చరైతే ఆదుకునేది పక్క వీధి షాపే. ట్యూబు మార్చే ముందు టైరు లోపల నూలుగుడ్డతో చుట్టూ తుడవండి. విరిగిన ముల్లు మొన ఉంటే గుడ్డ దానికి తగులుకుంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే మళ్లీ పంక్చరే. సీలెంటు (పంక్చరును లోపలి నుంచే పూడ్చే ద్రవం) పోయించుకుంటే ఎండలకు త్వరగా ఆరిపోతుందని గుర్తుంచుకొని, వేసవిలో రెండు మూడు నెలలకోసారి చూపించుకోండి.

షాపుకూ బాధ్యతలున్నాయి. బిల్లు ఇవ్వనన్నా, పాత సరుకును కొత్తదని అంటగట్టినా, ధర అడిగితే దాటేసినా అక్కడ కొనాల్సిన రుణం మీకు లేదు. వారంటీ కార్డు మీద తేదీ వేసి, ముద్ర కొట్టించుకున్నాకే డబ్బులు చేతికివ్వండి.