విదేశాల్లో కార్డు వాడేటప్పుడు రూపాయలు నొక్కకండి

థాయ్‌లాండ్ లాంటి చోట్లకు వెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. షాపులో కార్డు పెట్టినప్పుడు చాలాసార్లు మెషీన్ మీద రెండు మొత్తాలు కనిపిస్తాయి, ఒకటి అక్కడి కరెన్సీ అయిన బాత్‌లలో, ఇంకొకటి రూపాయల్లో. అలవాటైన రూపాయలు చూడగానే వేలు అటే పోతుంది. దయచేసి బాత్‌లే ఎంచుకోండి. రూపాయల్లో కడితే మార్పిడి రేటు వేసేది అక్కడి మెషీన్ నడిపేవాళ్లు, వాళ్ల లాభం ఆ రేటులోనే కలిసి ఉంటుంది. అలా కట్టినా మన బ్యాంకుల్లో కొన్ని విడిగా ఫీజు కూడా వేస్తాయి. ఒక్కోసారి మనల్ని అడక్కుండా షాపువాళ్లే నొక్కేస్తారు. స్లిప్పులో రూపాయలు కనిపిస్తే మొహమాటపడకుండా రద్దు చేయించి మళ్లీ కొట్టించుకోండి, అది మన హక్కు.

ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. 'డిక్లైన్ కన్వర్షన్' (రూపాయల్లోకి మార్చొద్దు) నొక్కితే డబ్బు రాదేమో అని టెన్షన్ వద్దు, వస్తుంది. అయితే అక్కడి ఏటీఎంలు మన కార్డులకు సాధారణంగా ప్రతిసారీ 200 బాత్‌లకు పైనే ఫీజు తీసుకుంటాయి. అందుకే కొంచెం కొంచెంగా కాకుండా కావలసినంత ఒకేసారి తీసుకోవడం మేలు.

బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయండి. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ కూడా ఇక్కడే పెట్టించుకోండి.