లంకల్లోకి వెళ్లే వరద సిబ్బంది పడవ ఎక్కకముందే చూసుకోవాల్సినవి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఇక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. గోదావరి మధ్య దీవుల్లాంటి లంకల జనాన్ని ఏ గట్టుకు చేర్చాలా అని అందరూ ఆలోచిస్తారు. చేర్చేవాళ్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం), అగ్నిమాపక సిబ్బంది, పడవ నడిపేవాళ్లు, లైన్‌మెన్, ఆశా కార్యకర్తలు ఆ ఒక్క రోజులోనే సిద్ధం కావాలి.

లైఫ్ జాకెట్‌తో మొదలుపెట్టండి. బకిళ్లన్నీ బిగించాక జాకెట్‌ని భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగమని పక్కవాడికి చెప్పండి. జాకెట్ గడ్డం దాటి పైకొస్తే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో తలమీంచి జారిపోతుంది. రెయిన్‌కోటు మీద తొడగాలి, లోపల కాదు. పడవలో కూర్చోడానికి జాకెట్లను దిండ్లలా వాడటం మన దగ్గర బాగా అలవాటు. దయచేసి మానండి. ఫోమ్ నలిగిపోతే తేలే శక్తి తగ్గుతుంది. వేలితో నొక్కితే మళ్లీ ఉబ్బని జాకెట్‌ని పక్కన పడేయండి.

పారే నీళ్లలోకి దిగేవాడి నడుముకి తాడు కట్టకండి. తాడు ఎక్కడైనా చిక్కుకుంటే ప్రవాహం మనిషిని నీటి అడుక్కి తొక్కేస్తుంది, ముడి విప్పుకునే వీలుండదు. తాడు గట్టు మీద ఉండి విసరడానికే. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటి చోట్ల మోకాలి లోతు నీరు కూడా మనిషిని పడగొడుతుంది. అంచు ఎక్కడుందో కనిపించదు కాబట్టి నడిచి దాటే ప్రయత్నమే వద్దు.

నీరు పెరిగేకొద్దీ పడవ కూడా పైకి లేస్తుంది. అంటే కరెంటు తీగలు మనకు దగ్గరవుతాయి. గెడ నిలువుగా ఎత్తారంటే తగలొచ్చు. ఫీడర్ (ఆ ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) ఆపారన్న మాట ఫోన్‌లో విని సరిపెట్టుకోకండి. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ ఆపి పనిచేయడానికి ఇచ్చే అనుమతి) తీసుకుని, తీగల్ని భూమికి కలిపి ఎర్తింగ్ చేశాకే దగ్గరికి వెళ్లాలి. ఎవరింట్లోనో నడుస్తున్న జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చు.

వరద నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. కాలి పగుళ్లలోంచి, గాయాల్లోంచి లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. రోజంతా నీళ్లలో తిరగాల్సినవాళ్లు ముందే డాక్టర్‌ని అడగాలి. వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ సాధారణంగా ఇచ్చే మోతాదు. గర్భిణులకు పనికిరాదు, అందరికీ పడదు, సొంతంగా మింగకూడదు. వరద తీశాక నాలుగు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే, వరద నీళ్లలో తిరిగామన్న మాట డాక్టర్‌కి తప్పక చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరమనుకునే ప్రమాదం ఉంది. ధనుర్వాతం టీకా వేయించుకుని 10 ఏళ్లు దాటితే ఇప్పుడే వేయించుకోండి. మురికి నీటిలో గాయమైతే 5 ఏళ్లు దాటినా మళ్లీ అవసరం.

పాములు కూడా మెరక వెతుక్కుంటూ అటకలు, కొబ్బరి మట్టలు, పడవ మూలలు ఎక్కుతాయి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే తెలియనివ్వదు. అనుమానం వచ్చినా సరే, కట్టు బిగించకుండా, కోయకుండా, ఆ చెయ్యో కాలో కదపకుండా విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి. ఆ మందు ఎక్కడుందో ముందురోజే ఫోన్ చేసి తెలుసుకోవాలి.

తడి బూట్లలో గంటలతరబడి ఉంటే చర్మం తెల్లబడి, తిమ్మిరెక్కి పుండ్లు పడుతుంది. రెండు జతల మేజోళ్లు ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి పెట్టుకోండి. వీలు దొరికినప్పుడల్లా కాళ్లు కడిగి ఆరబెట్టాలి. రెయిన్‌కోటు లోపల ఒళ్లంతా చెమట పోస్తుంది, చుట్టూ నీళ్లే కదా అని దాహం మర్చిపోతారు. లీటరు మంచినీళ్లలో ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి పడవలోనే ఉంచుకోండి.

రాత్రంతా చుక్కాని పట్టినవాడికి పొద్దున్న మళ్లీ పడవ అప్పగించొద్దు. "నేను బాగానే ఉన్నానండీ" అన్నా సరే. శవాన్ని తీసినవాళ్లను ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. గట్టుకు చేరిన ప్రతి పడవలో ఎంతమంది వెళ్లారో, ఎంతమంది దిగారో గట్టు మీదున్న ఒక్కరే పేరు పేరునా రాసుకోవాలి.