సబ్సిడీతో పాడి పశువు కొంటున్నారా? బేరానికి ముందు ఇలా చూసుకోండి

సబ్సిడీ అనగానే చాలామంది పశువు ధరలోంచి ఆ సొమ్ము తీసేసి, మిగిలిందే తమ ఖర్చు అనుకుంటారు. ఆ సంగతి దళారికీ తెలుసు, అందుకే ధర కాస్త పెంచి చెబుతాడు. కాబట్టి ముందు సబ్సిడీ మాట మరిచిపోయి లెక్క వేయండి: ఈతకు వచ్చే పాలు, దాణా, పచ్చిమేత, కూలి, మందులు, అప్పు వాయిదా, వట్టిపోయిన నెలల మేత. ఈ చివరిది రాయడం అందరూ మర్చిపోతారు. ఈ లెక్కలో కిట్టని డెయిరీని సబ్సిడీ కొన్నాళ్లు నెట్టుకొస్తుందేమో, అంతే.

తర్వాత పథకం నిబంధనలు చదవండి. డబ్బు ముందే ఇస్తారా, కొన్నాక ఖాతాలో వేస్తారా? మంజూరు కాకముందు కొన్న పశువు లెక్కలోకి వస్తుందా? ఎన్నేళ్లు అమ్మకూడదు? వీటికి జవాబు తెలిసేదాకా బయానా ఇవ్వొద్దు.

ఇక పశువు దగ్గరికి వద్దాం. రెండో ఈతో, మూడో ఈతో అయి, ఈని రెండు మూడు వారాలైనది మంచిది. ఆవు ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు గరిష్ఠానికి చేరతాయి, అంటే ఆ పెరుగుదల మీ పాకలోనే జరుగుతుంది. అమ్మేవాళ్లు ఈత సంఖ్య తగ్గించి చెబుతుంటారు, కాబట్టి నోరు తెరిపించి చూడండి. పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. ఆవుకు సుమారు రెండేళ్లకు మొదటి జత పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు వస్తాయి, నాలుగేళ్లు దాటాక ఎనిమిదీ పూర్తవుతాయి. గేదెకు ఇంకాస్త ఆలస్యం. అరిగిన పళ్లున్న పశువును రెండో ఈత అంటే నమ్మకండి.

అసలు మోసం పాల దగ్గరే. సంతకు తెచ్చే ముందు ఒక పూట పితక్కుండా వదిలేస్తే పొదుగు నిండుగా కనిపిస్తుంది. చన్నుల నుంచి పాలు కారుతున్నా, పశువు కాళ్లు మారుస్తూ ఇబ్బంది పడుతున్నా అనుమానించండి. సాయంత్రం దగ్గరుండి పూర్తిగా పితికించండి, ఆ పాలు లెక్కలోకి తీసుకోవద్దు. మర్నాడు ఉదయం, సాయంత్రం వచ్చినవే అసలు పాలు. పాలు చేపడానికి ఇంజెక్షన్ ఇవ్వనివ్వకండి. అది లేనిదే చేపని పశువుతో రోజూ రెండుపూటలా టెన్షన్ పడాల్సిందే. ఒక రాత్రి అక్కడే ఉండాల్సి వచ్చినా నేనైతే ఈ పని మానను.

పితికాక పొదుగు మెత్తగా, ముడతలు పడి ఉండాలి. నాలుగు చన్నుల తొలి ధారలను విడివిడిగా నల్లగుడ్డ మీద పిండించండి. పెచ్చులు కనిపిస్తే అది పొదుగువాపు వ్యాధి. చూడి అని చెబితే పశువైద్యుడితో చూపించండి. బ్రూసెల్లోసిస్‌కు రక్తపరీక్ష కూడా చేయించండి. ఆ జబ్బుతో పశువు చూడి చివరి నెలల్లో ఈసుకుపోవడమే (గర్భస్రావం) కాదు, అది మనుషులకూ సోకుతుంది.

బేరం కుదిరాక చెవి ట్యాగు నంబరు రసీదులో, బీమా పత్రంలో, బ్యాంకు కాగితాల్లో ఒకటేనా అని అంకె అంకె సరిచూడండి. పశువు చనిపోతే బీమా వాళ్లు మొదట అడిగేది ఆ నంబరే.

ఇంటికి తెచ్చాక మూడు నాలుగు వారాలు విడిగా కట్టి, మిగతావన్నీ పితికాకే దాన్ని పితకండి. దాణా మెల్లగా మార్చండి.

పథకం ఒప్పుకుంటే సగం పశువులు ఇప్పుడు, మిగతావి ఐదారు నెలల తర్వాత కొనండి, లేకపోతే అన్నీ ఒకేసారి వట్టిపోతాయి. అమ్మకూడని గడువు తీరకముందే ఒకదాన్ని అమ్మేయక తప్పకపోతే, అమ్మాక చెప్పడం కాదు, ముందే పథకం కార్యాలయానికి రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి.