బీకామ్‌తో పాటు జపనీస్ నేర్చుకోవాలనుకునే తిరుపతి పిల్లలకి

ఇంటర్ సీఈసీ అయిపోయి బీకామ్‌లో చేరే పిల్లలు, వాళ్ళ ఇండ్లల్లో పెద్దోళ్ళు నన్ను అడిగేది ఒకటే, అకౌంట్స్‌తో పాటు ఏదన్నా ఫారిన్ లాంగ్వేజ్ నేర్చుకుంటే పనికొస్తాదా అని. ఖచ్చితంగా వస్తాది. కానీ పొద్దున కాలేజీలో ఒకటి, సాయంత్రం ట్యూషన్‌లో ఇంకొకటి అని రెండింటినీ వేరువేరుగా చదివితే మూడేళ్ళకి రెండూ అరకొరగానే మిగుల్తాయి. జర్నల్ ఎంట్రీలోంచే, అంటే అకౌంట్స్‌లో రోజూ రాసే పద్దులోంచే భాషని పట్టుకోవాల, నేను చెప్పదల్చుకున్నది అదే.

ముందు ఏ భాష అనేది తేల్చుకోండి. ఫ్రెండు ఫ్రెంచ్‌లో చేరిందని మీరూ చేరొద్దు, మీకు ఉద్యోగం ఎక్కడ దొరికే అవకాశముందో చూసి తీసుకోండి. మన జిల్లాలోనే సత్యవేడు, వరదయ్యపాళెం పక్కన శ్రీసిటీ ఉంది, ఇసుజు, కోబెల్కో, డైకిన్, టోరే లాంటి జపాన్ కంపెనీలు అక్కడున్నాయి, ఇంకోపక్క చెన్నై మూడు మూడున్నర గంటల దూరం. అందుకే నేను జపనీస్ అంటా. జర్మన్ మీద మనసుంటే చెన్నైలో గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఫ్రెంచ్‌కి అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, అవీ మంచివే. పూర్తిగా భాషనే డిగ్రీగా చదవాలంటే మాత్రం హైదరాబాద్‌లో ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ వైపు చూడండి, అది వేరే దారి.

జపనీస్ అంటే భయపడతారు గానీ తెలుగోళ్ళకి అది చాలా దగ్గర. మన మాదిరే క్రియ చివర్లో వస్తాది. తిరుపతి నుంచి చెన్నై దాకా అనేదాన్ని వాళ్ళు తిరుపతి కరా చెన్నై మదే అంటారు, మన విభక్తి లాగే పదం వెనక తగులుకుంటాది. ఒబసన్ అంటే అత్త, ఒబాసన్ అంటే అవ్వ, ఒక్క దీర్ఘంతో మనిషే మారిపోతాది. ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడా జారిపోతాది, అందుకే మొదటి రెండు వారాలు నోట్స్ తెలుగు లిపిలోనే రాసుకోండి, ఆలోపల జపనీస్ రాసే లిపుల్లో హిరగనా 46 అక్షరాలు, కతకనా 46 అక్షరాలు చేతికి రావాల. డబ్బులు కట్టేముందు కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల సైటు స్వయం పోర్టల్‌లో ఐఐటీ కాన్పూర్ వాళ్ళ జపనీస్ కోర్సు చూడండి, వీడియోలు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

ఇంక అసలు సంగతికొస్తా. జపనీస్‌లో డెబిట్‌ని కరికత అంటారు, క్రెడిట్‌ని కషికత అంటారు. కరి అంటే అప్పు తీసుకోవడం, కషి అంటే అప్పు ఇవ్వడం, కత అంటే పక్క. ఏది ఎడమో ఏది కుడో గుర్తుండేదానికి అక్కడి పిల్లలకి ఒక కిటుకుంది, హిరగనాలో రి అక్షరం తోక ఎడమకి తిరుగుతాది కాబట్టి కరికత ఎడమ, షి అక్షరం తోక కుడికి పోతాది కాబట్టి కషికత కుడి. ఫస్ట్ సెమిస్టర్‌లో టీ ఖాతా (ఎడమ డెబిట్, కుడి క్రెడిట్ ఉండే T ఆకారం పట్టీ) గీసేటప్పుడే డెబిట్, క్రెడిట్ బదులు ఈ మాటలు రాయడం మొదలుపెట్టండి, రోజూ ఐదు ఎంట్రీలు చాలు. క్యాష్, సేల్స్, పర్చేజ్, జీతాలు, అద్దె, ఒక్కోదానికి జపనీస్ మాట పక్కన రాస్తా పోతే సెమిస్టర్ అయ్యేసరికి చిన్న ట్రయల్ బ్యాలెన్స్, అంటే అన్ని ఖాతాల నిల్వలు ఒకచోట చూపే పట్టీ, చదవగలుగుతారు.

అంకెల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. మనం లక్ష, కోటి అని లెక్కపెడితే వాళ్ళు పదివేలని మన్ అంటారు, పది కోట్లని ఒకు అంటారు. అంటే మన లక్ష వాళ్ళకి పది మన్, మన కోటి వెయ్యి మన్. కామాలు మాత్రం మూడంకెలకి ఒకటి పెడతారు! నేను పనిలో చేరిన కొత్తలో ఒక షీట్‌లో 35,000 చూసి ముప్పై ఐదు వేల యెన్ అని ఎక్కించేశా, పైన మూలలో చిన్న అక్షరాల్లో యూనిట్ సెన్-ఎన్ అని ఉండింది, అంటే వేల యెన్‌లలో అని. అసలు మొత్తం మూడున్నర కోట్ల యెన్. సాయంత్రం టోటల్ కలవక మొత్తం తిరగేస్తే అప్పుడు దొరికింది. అప్పట్నుంచి ఏ షీట్ తెరిచినా ముందు కుడిపక్క పైమూలే చూస్తా, మీరూ అదే చేయండి. తేదీలో రేవా 7 అని ఉంటే 2025 అని అర్థం, రేవా అంటే ఇప్పటి చక్రవర్తి పేరిట వాళ్ళు లెక్కపెట్టే శకం, రేవా సంఖ్యకి 2018 కలుపుకుంటే మన సంవత్సరం వచ్చేస్తాది.

పద్ధతుల్లో ఒక్కటి బాగా గట్టిగా పట్టుకోండి, హోరెన్సో. రిపోర్ట్ చెయ్యి, సమాచారం చెప్పు, సలహా అడుగు, ఈ మూడు మాటల మొదళ్ళు కలిపి అట్ల అంటారు. తప్పు జరిగితే సర్దేసి తర్వాత చెబుదాంలే అనుకోకూడదు, జరిగిన నిమిషంలో చెప్పాల. కెంతో షిమాస్ అంటే పరిశీలిస్తాం అని అర్థమే గానీ చాలాసార్లు అది మన చూద్దాంలే లాంటిదే, దాన్ని నమ్ముకుని ఎంట్రీ వేసేయకండి.

పరీక్ష జేఎల్‌పీటీ, అంటే జపనీస్ లాంగ్వేజ్ ప్రొఫిషియెన్సీ టెస్ట్, అన్నిటికన్నా తేలికైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 దాకా ఐదు లెవెల్స్, జులైలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి, మనకి దగ్గర సెంటర్ చెన్నై. ఎన్5కి 180కి 80 రావాల, వినే భాగంలో 60కి కనీసం 19 లేకపోతే మొత్తం ఎంతొచ్చినా ఫెయిలే, కాబట్టి చెవికి రోజూ పని చెప్పండి. అప్లికేషన్ నెలల ముందే మూసేస్తారు, పైగా డిసెంబర్‌ది సెమిస్టర్ పరీక్షలకి దగ్గర్లో పడొచ్చు, అందుకే మొదటిసారి జులై పెట్టుకోవడం మేలు. ఎన్5తో ఉద్యోగం వస్తాదని ఎవరన్నా ఆశ పెడితే నమ్మొద్దు, ఆఫీసులో నోరు తెరిచేదానికి ఎన్3 కావాల, డిగ్రీ అయ్యేలోపల దానికి గురి పెట్టండి.

ఇదంతా చేస్తా ట్యాలీ, జీఎస్‌టీ వదిలేస్తే మాత్రం నష్టం మీకే, ముందు అకౌంటెంట్‌గా తీసుకుంటారు, ఆ తర్వాతే భాష. ఇంటర్వ్యూకి పోయేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు మీ చేత్తో రెండు భాషల్లో రాసిన ఒక ట్రయల్ బ్యాలెన్స్ ఫైల్‌లో పెట్టుకుని పోండి.