పాత కంప్యూటర్ భాగాలతో ఇంటి మీడియా సర్వర్

అనంతపురం ఎండల్లో, దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసి అటకెక్కిన కంప్యూటర్‌ను ఇంటిల్లిపాదికీ సినిమాలు, పాటలు అందించే మీడియా సర్వర్‌గా మార్చాలంటే, ముందుగా ఫ్యానుకు పట్టిన దుమ్మును కుంచెతో దులిపి, ప్రాసెసర్‌పై ఎండిపోయిన థర్మల్ పేస్టును (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూతను) తుడిచి కొత్తది రాయాలి. 4 జీబీ ర్యామ్, రెండు కోర్ల ప్రాసెసర్ ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

అసలు జాగ్రత్త హార్డ్ డిస్కు విషయంలోనే. పాత డిస్కును స్మార్ట్‌సీటీఎల్ అనే సాఫ్ట్‌వేర్ ఉపకరణంతో పరీక్షించినప్పుడు రీఅలొకేటెడ్ సెక్టార్ల (పాడైపోవడంతో డిస్కు బదులు చోటు కేటాయించుకున్న భాగాల) సంఖ్య పెరుగుతూ కనిపిస్తే, దాన్ని నిస్సంకోచంగా పక్కన పెట్టాలి. సినిమా పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు గానీ, పెళ్లి వీడియో పోతే దొరకదు. అలాంటి వాటికి వేరే డిస్కులో మరో ప్రతి ఉండి తీరాలి.

డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, 2018లో ఎంబీ (Emby) అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడివడిన ఉచిత సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్‌ను ఎక్కించాక, ఇంటి నెట్‌వర్కులోని ఏ బ్రౌజర్‌లోనైనా సర్వర్ ఐపీ చిరునామా (నెట్‌వర్కులో దాన్ని గుర్తించే అంకెలు) చివర కోలన్ పెట్టి 8096 అని చేర్చి తెరవవచ్చు. ఆ చిరునామా మారకుండా రౌటర్‌లో స్థిరపరచాలి. వైఫై కన్నా కేబుల్ నయం.

టీవీ నేరుగా చదవలేని వీడియోను సర్వరే అప్పటికప్పుడు మార్చి పంపవలసి వస్తుంది; పాత ప్రాసెసర్‌కు అది మోయలేని బరువు కనుక, వీడియోలను దాదాపు అన్ని టీవీలూ చదవగల హెచ్.264 అనే వీడియో కుదింపు రూపంలో ఉంచుకోవడం మంచిది.