క్రీమ్ కొనకుండా క్రీమీ చికెన్ పాస్తా: నలుగురికి, 40 నిమిషాల్లో

క్రీమీ పాస్తాకి ఖర్చు పెరిగేది క్రీమ్ దగ్గర, చీజ్ దగ్గర. ఇందులో క్రీమ్ అసలు అక్కర్లేదు. చీజ్ కూడా మామూలుగా వేసేదాంట్లో సగం వేస్తే చాలు. సాస్ చిక్కగా, నున్నగా రావడానికి పిండిపదార్థం సరిపోతుంది. అది కొంత వెన్నలో వేయించిన మైదా నుంచి వస్తుంది, కొంత పాస్తా ఉడికిన నీళ్ల నుంచి వస్తుంది. ఈ రెండూ సరిగ్గా వాడితే అరలీటరు పాలతో నలుగురికి సరిపడా సాస్ తయారవుతుంది. పని నుంచి వచ్చి అలసిపోయి ఉన్న రోజు కూడా చేసుకోగలిగినంత సులువు. కాకపోతే రెండు మూడు చోట్ల తొందరపడకూడదు.

కావలసినవి, నలుగురికి:

పెన్నె, ఫుసిల్లి లాంటి పొట్టి పాస్తా 320 గ్రాములు
ఎముక తీసిన చికెన్ తొడ మాంసం 400 గ్రాములు
పాలు 500 మి.లీ.
మైదా 3 టేబుల్‌స్పూన్లు (దాదాపు 24 గ్రాములు, చెంచా అంచుకి సమంగా, గోపురంగా కాదు)
వెన్న 30 గ్రాములు, నూనె 1 టేబుల్‌స్పూన్
చీజ్ 60 గ్రాములు, అప్పటికప్పుడు తురిమినది
మధ్యరకం ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 5
మిరియాల పొడి 1 టీస్పూన్, ఎండు ఆరెగానో 1 టీస్పూన్, చిల్లీ ఫ్లేక్స్ అర టీస్పూన్
నిమ్మరసం 1 టీస్పూన్, తగినంత ఉప్పు

తొడ మాంసమే ఎందుకంటే, అందులో కొవ్వు ఎక్కువ. రెండు నిమిషాలు ఎక్కువ ఉడికినా మెత్తగానే ఉంటుంది. రొమ్ము మాంసానికి ఆ వెసులుబాటు లేదు. ఉడకాల్సినదానికంటే కాస్త ఎక్కువ ఉడికితే చాలు, పీచులా ఎండిపోతుంది. ఇంట్లో రొమ్ము మాంసమే ఉంటే పీచుకి అడ్డంగా ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కోసి, వేయించే సమయం ఒక నిమిషం తగ్గించండి. ఎముకతో ఉన్న తొడలు చవగ్గా దొరికితే అవే కొని, ఎముక మీరే తీసుకోవచ్చు. ఆ ఎముకల్ని 40 నిమిషాలు నీళ్లలో మరిగించి ఉంచుకుంటే, ఇంకోసారి చేసేటప్పుడు పాలలో 200 మి.లీ. తగ్గించి ఆ స్టాక్ పోయవచ్చు. సాస్ రుచి చాలా మెరుగుపడుతుంది.

అన్నిటికంటే ముందు పాస్తాకి నీళ్లు పెట్టండి. రెండున్నర లీటర్ల నీళ్లు మరగడానికి పది నిమిషాలకు పైనే పడుతుంది, మిగతా తయారీ అంతా ఆ లోపల అయిపోతుంది. నీళ్లు మరిగాక 3 టీస్పూన్ల ఉప్పు వేయండి. చప్పటి నీళ్లలో ఉడికిన పాస్తా మీద ఎంత రుచైన సాస్ వేసినా, కొరికితే లోపల చప్పగానే ఉంటుంది. నూనె మాత్రం వేయకండి. అది నీళ్లపైన తేలుతూ ఉండి, వార్చేటప్పుడు పాస్తాకి అంటుకుంటుంది. తర్వాత సాస్ దాని మీద నిలవకుండా జారిపోతుంది.

ఈ లోపు చికెన్. కుళాయి కింద కడగకండి. కడిగినప్పుడు చిందే నీటితో పాటు సూక్ష్మజీవులు సింకంతా, పక్కనున్న గిన్నెల మీదా పడతాయి. వాటిని చంపేది వేడి, నీళ్లు కాదు. రెండున్నర సెంటీమీటర్ల ముక్కలు కోసి, ముప్పావు టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ మిరియాల పొడి పట్టించి పదిహేను నిమిషాలు ఉంచండి. పెనంలో వేసే ముందు కాగితపు టవల్‌తో తడి పూర్తిగా అద్దేయండి. ఈ తడి ఆరబెట్టడం చాలామంది వదిలేస్తారు, చికెన్ రంగు రాకపోవడానికి మొదటి కారణం అదే. ముక్క మీద నీళ్లున్నంతసేపూ దాని ఉపరితలం 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. గోధుమరంగు తిరగాలంటే 140 దాకా వెళ్లాలి.

రెండో కారణం పెనం కిక్కిరిసిపోవడం. 28 సెంటీమీటర్ల వెడల్పు పెనంలో కూడా 400 గ్రాములు ఒకేసారి వేయకండి, రెండు విడతలు చేయండి. నూనె వేడెక్కి పలచగా పారుతున్నప్పుడు ముక్కల్ని మధ్యలో సందు ఉండేలా పరచండి. చుయ్ మని గట్టిగా చప్పుడు రావాలి. ఆ చప్పుడు సన్నగిల్లి, ముక్కల చుట్టూ నీళ్లు ఊరుతుంటే పెనం చాలినంత వేడిగా లేదని అర్థం. మూడు నిమిషాలు గరిట పెట్టకండి. ముక్కని కదిపినప్పుడు అతుక్కుని చిరుగుతుంటే ఇంకా సమయం ఉంది. అడుగు బాగా ఎర్రబడ్డాక దానంతటదే పెనాన్ని వదులుతుంది. తిప్పి మరో రెండు నిమిషాలు ఉంచి, పళ్లెంలోకి తీయండి. లోపల ఇంకా కాస్త పచ్చి ఉన్నా పర్వాలేదు, సాస్‌లో మళ్లీ ఉడుకుతుంది.

పెనం అడుగున గోధుమరంగు పొర ఒకటి అంటుకుని కనిపిస్తుంది. మాడిందనుకుని కడిగేయకండి, ఈ వంటకంలో చికెన్ రుచి సగం అక్కడే ఉంది. నల్లబడితే మాత్రం చేదెక్కుతుంది, అప్పుడు తుడిచేయాల్సిందే. సెగ తగ్గించి వెన్న వేయండి. అది కరగ్గానే సన్నగా తరిగిన ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు వేసి చెక్క గరిటతో అడుగు గీరుతూ నాలుగు నిమిషాలు మగ్గించండి. ఉల్లిపాయ వదిలే నీటికి ఆ పొర మొత్తం ఊడి వస్తుంది. ఉల్లిపాయ మెత్తబడి గాజులా మెరవాలి, ఎర్రబడకూడదు. వెల్లుల్లి సన్నగా తరిగి వేసి అర నిమిషం వేయిస్తే చాలు.

పాస్తా వేయాల్సింది సరిగ్గా ఉల్లిపాయ పెనంలో పడ్డప్పుడు. వేసిన మొదటి నిమిషమంతా కలుపుతూ ఉండండి, ఒకదానికొకటి అతుక్కునేది అప్పుడే. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించాలి. ఒకటి తీసి కొరికి చూస్తే మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనిపించాలి. మిగిలిన ఉడుకు సాస్‌లో పూర్తవుతుంది.

ఇక సాస్. ఉల్లి, వెల్లుల్లి, వెన్న ఉన్న పెనంలోనే మైదా చల్లి, సన్న సెగ మీద రెండు నిమిషాలు కలుపుతూ వేయించండి. మొదట తడి ఇసుకలా ముద్దవుతుంది, తర్వాత వదులై సన్నగా నురగ వస్తుంది. పచ్చిపిండి వాసన పోయి, బిస్కెట్లు కాలుతున్నప్పటి వాసన లీలగా తగలగానే సరిపోయినట్టు. ఈ రెండు నిమిషాలు తగ్గిస్తే సాస్‌లో పిండి రుచి మిగిలిపోతుంది, దాన్ని ఏ మసాలా కప్పలేదు. ఎక్కువై ఎర్రబడినా నష్టమే, మైదాకి చిక్కబరిచే బలం తగ్గిపోతుంది.

పాలు మూడు విడతలుగా పోయాలి. మొదటి విడత 100 మి.లీ. మాత్రమే. అది పోయగానే పెనంలోది మొత్తం బిగుసుకుని గట్టి ముద్దవుతుంది. చూడ్డానికి పాడైపోయినట్టే ఉంటుంది గానీ అలాగే కావాలి. ముద్ద గట్టిగా ఉన్నప్పుడే గరిట ఒత్తిడికి ఉండలు చితుకుతాయి. పలచటి ద్రవంలో ఉండలు గరిటకి దొరక్కుండా తప్పించుకు తిరుగుతాయి. ముద్ద నున్నగా అయ్యాక 150 మి.లీ., అదీ కలిశాక మిగతాది పోయండి. అరలీటరూ ఒక్కసారే కుమ్మరిస్తే పిండి గడ్డల పైపొర ఉడికిపోయి, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఉండలకి కారణం అదే. అప్పటికే ఉండలు కట్టి ఉంటే విస్క్‌తో గట్టిగా చిలకండి. అప్పటికీ లొంగకపోతే జల్లెడలో వడపోసేయండి. ఉల్లిపాయ పోతుంది, రుచి మాత్రం సాస్‌లోనే ఉంటుంది.

పాలన్నీ పోశాక సాస్ నీళ్లలా కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి ఇంకో చెంచా మైదా వేస్తారు. పాస్తా జిగురు ముద్దలా తయారవడానికి ఇంతకంటే మామూలు కారణం ఇంకోటి లేదు. మైదాలోని పిండిపదార్థం నీటిని పూర్తిగా పీల్చి ఉబ్బేది దాదాపు మరిగే వేడి దగ్గర. అందాకా సాస్ ఎంత కలిపినా పూర్తిగా చిక్కబడదు. అక్కడక్కడ బుడగలు వచ్చేదాకా ఆగి, సెగ తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు ఉడికించండి. గరిట సాస్‌లో ముంచి తీసి, దాని వెనకవైపు వేలితో ఒక గీత గీయండి. గీత చెరిగిపోకుండా నిలిస్తే సాస్ సిద్ధం. ఆరెగానో, చిల్లీ ఫ్లేక్స్, మిగిలిన మిరియాల పొడి ఇప్పుడు వేయండి. ఉప్పు ఇప్పుడే వేయొద్దు. పాస్తా నీళ్లలోనూ, చీజ్‌లోనూ ఉప్పు ఉంది, చివర్లో చూసుకోవచ్చు.

వెన్న తక్కువ ఉన్న పాలతోనూ ఇది చక్కగా వస్తుంది. మైదా ఉంది కాబట్టి విరగవు. రుచి కొంచెం పలచగా అనిపిస్తే ఆఖర్న 10 గ్రాముల వెన్న కలపండి.

పాస్తా వార్చే ముందు ఒక కప్పు, అంటే దాదాపు 250 మి.లీ. నీళ్లు తీసి పక్కన పెట్టాలి. మర్చిపోయి మొత్తం పారబోసేవాళ్లే ఎక్కువ. అందుకని ముందే ఖాళీ కప్పు ఒకటి చిల్లుల గిన్నెలో పెట్టి ఉంచండి. వార్చబోయేటప్పుడు అదే గుర్తుచేస్తుంది. వార్చాక పాస్తాని చన్నీళ్లతో కడగకండి. పైనున్న జిగురు పోతే సాస్ పట్టుకోవడానికి ఆధారం ఉండదు.

చికెన్‌ని పళ్లెంలో ఊరిన రసంతో సహా సాస్‌లో వేయండి, ఆ రసం పారబోయకూడదు. పాస్తా, 100 మి.లీ. పాస్తా నీళ్లు కూడా వేసి మధ్యస్థపు సెగ మీద రెండు నిమిషాలు ఎగరేస్తూ కలపండి. పెద్ద ముక్క ఒకటి కోసి చూస్తే లోపల ఎక్కడా గులాబీరంగు ఉండకూడదు. థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు చూపించాలి.

స్టవ్ ఆపేసి ఒక నిమిషం ఆగాక, చీజ్ తురుము రెండు మూడు దఫాలుగా చల్లి కలపండి. మరుగుతున్న సాస్‌లో వేస్తే చీజ్‌లోని ప్రోటీన్ బిగుసుకుపోయి కొవ్వుని బయటికి తోసేస్తుంది. అప్పుడు సాస్‌లో సాగే తీగలు, పైన నూనె తేట మిగులుతాయి. ప్రాసెస్డ్ చీజ్‌కి ఈ బెడద తక్కువ. కొవ్వు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు అందులో ముందే కలిపి ఉంటాయి, కాబట్టి నున్నగా కరుగుతుంది, ధర కూడా తక్కువ. రుచి మాత్రం బాగా మాగిన చెడ్డర్‌కే ఎక్కువ. సగం అదీ సగం ఇదీ కలిపితే మంచి ఫలితం వస్తుంది. మోజరెల్లా ఇక్కడ నప్పదు, సాగుతుంది తప్ప సాస్‌లో కలవదు. ముందే తురిమి ప్యాకెట్లలో అమ్మే చీజ్‌కి అతుక్కోకుండా పొడి పట్టించి ఉంటారు, దానివల్ల సాస్ కాస్త గరుకుగా వస్తుంది.

నిమ్మరసం అన్నిటికంటే చివర. పాలు మరుగుతుండగా వేస్తే విరిగే ప్రమాదం ఉంది. ఆ ఒక్క టీస్పూన్ పులుపు తెలియదు, కానీ సాస్ మొహం మొత్తకుండా చేస్తుంది. మానేయకండి. ఉప్పు రుచి చూసి ఇప్పుడు సరిచేయండి.

వడ్డించేటప్పుడు సాస్ మీకు కావాల్సినదానికంటే పలచగా ఉండాలి. గరిటతో పాస్తాని ఒక పక్కకి నెడితే, ఖాళీ అయిన చోటికి సాస్ మెల్లగా పారుతూ వచ్చి నిండాలి. పళ్లెంలో ఐదు నిమిషాలు ఉండేసరికి పాస్తా కొంత సాస్ పీల్చేస్తుంది, చల్లారేకొద్దీ మిగిలినది కూడా చిక్కబడుతుంది. పెనంలోనే చిక్కగా ఉంటే పళ్లెంలో ముద్దవుతుంది. అలా అనిపిస్తే మిగిలిన పాస్తా నీళ్లు రెండేసి చెంచాలు కలుపుతూ వదులు చేయండి.

ఖర్చు ఇంకా తగ్గించాలంటే చికెన్ 300 గ్రాములకి దించి, ఒక కప్పు పచ్చి బఠాణీ పాస్తా ఉడికే నీళ్లలోనే చివరి రెండు నిమిషాలు వేయండి. పుట్టగొడుగులైతే 150 గ్రాములు, చికెన్ తీశాక అదే పెనంలో ఉప్పు లేకుండా నీరు ఇగిరేదాకా వేయించాలి. ముందే ఉప్పు వేస్తే నీళ్లూరి ఉడికిపోతాయి, రంగు రాదు. నిన్నటి కాల్చిన చికెన్ మిగిలి ఉంటే చీల్చి, పాస్తాతో పాటు ఆఖర్న వేస్తే సరిపోతుంది.

మిగిలిన పాస్తాని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లోపు తినేయండి. వేడి చేసేటప్పుడు ఒక్కో పళ్లేనికి మూడు నాలుగు చెంచాల పాలు చిలకరించి, మూత పెట్టి, సన్న సెగ మీద లోపలిదాకా పొగలు వచ్చేలా కాయండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. గడ్డకట్టి కరిగాక మైదా సాస్ నీరు వదిలేసి పలుకు పలుకుగా విడిపోతుంది, పాస్తా మెత్తబడిపోతుంది. ముందే చేసి దాచుకోవాలనుకుంటే చికెన్ ఒక్కటే రెండింతలు తీసుకుని, లోపలిదాకా పూర్తిగా ఉడికేలా వేయించి, చల్లార్చి సగం ఫ్రీజ్ చేయండి. ముందు రోజు రాత్రి దాన్ని ఫ్రిజ్‌లోకి మారిస్తే, మరుసటి సాయంత్రం వంటలో పదిహేను నిమిషాలు తగ్గుతాయి.