దాచాలా, తాగాలా? నెల్లూరు ఎండలో వైన్ సీసా

స్టోన్‌హౌస్‌పేటలో ముప్ఫై ఏళ్లు బియ్యం వ్యాపారం చేసినవాణ్ణి. గుప్పెట్లోకి తీసుకుని ఒక గింజ కొరికితే కొత్తవో పాతవో చెప్పేస్తాను. మొలగొలుకులు ఏడాది మాగితేనే అన్నం పొడిపొడిగా వస్తుంది. వైన్ కూడా అంతే అనుకున్నాను. మా అల్లుడు ఫ్రాన్స్ నుంచి మొదటిసారి రెండు సీసాలు తెస్తే ఒకటి అందరం కలిసి తాగాం, రెండోదాన్ని మా పెళ్లై నలభై ఏళ్లు నిండే రోజు కోసం అటక మీద దాచాను.

మూడు వేసవులు గడిచాక దించి చూస్తే, బిరడా సీసా మూతి దాటి పైకి పొడుచుకుని ఉంది. రేకు కింద నుంచి జిగురుగా ఒక చార కారి, లేబుల్ మీద గోధుమరంగు మరకగా ఎండిపోయింది. గ్లాసులో పోస్తే పాత చింతపండు రంగు, ఉడికిన ఎండుద్రాక్ష వాసన. మా ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ రోజు నాకు కలిగిన బాధ మరొకరికి కలగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

సీసా కంటే ముందు మీ ఇంటిని చూడండి. వైన్ చక్కగా మాగాలంటే ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల చల్లదనం కావాలి, అది పెద్దగా మారకూడదు. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, స్లాబు కింద అటక మీద వేడి సంగతి చెప్పనక్కరలేదు. ఆ వేడికి లోపలి వైన్ ఉబ్బి బిరడాను తోస్తుంది. చల్లబడినప్పుడు గాలిని లోపలికి లాక్కుంటుంది. అలా రెండు మూడు వేసవులు తిన్న సీసా ఎంత ఖరీదైనదైనా దక్కదు. కాబట్టి సంక్రాంతికి వచ్చిన సీసాను రోహిణి కార్తెలోపు తెరిచి తాగేయండి. అంతవరకు ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టండి, బిరడా తడిగా ఉంటుంది. మరమూత సీసాకు ఆ అవసరం లేదు. ఫ్రిజ్‌లో కొన్ని నెలలకు భయం లేదు కానీ, ఏళ్ల తరబడి పెడితే అక్కడి పొడి గాలికి బిరడా ఎండిపోతుంది.

ఇక ఏ వైన్ మాగుతుంది? లేబుల్ మీద ఉండేది ద్రాక్ష కోసిన సంవత్సరం. లోకంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లో తాగేయడానికే. గులాబీ రంగు వైన్లు, నాసిక్ వైపు తెల్ల వైన్లు తాజాగా ఉన్నప్పుడే బాగుంటాయి. నిలవ ఉండే శక్తి వగరు, పులుపు, తీపి వల్ల వస్తుంది. వగరు బలంగా ఉండే ఫ్రాన్స్ ఎర్ర వైన్ మంచి బోర్డో, ఇటలీ బరోలో, పులుపు గట్టిగా ఉండే జర్మనీ రీస్లింగ్, ఫ్రాన్స్ తియ్యటి తెల్ల వైన్ సోటర్న్ ఏళ్ల తరబడి మాగుతాయి. పోర్ట్ అనే పోర్చుగల్ తియ్యటి, ఘాటు వైన్ విషయంలో చాలామంది పొరబడతారు. వింటేజ్ పోర్ట్ సీసాలోనే దశాబ్దాలు మాగుతుంది. టానీ పోర్ట్ మాత్రం చెక్క పీపాల్లో మాగాకే సీసాలోకి వస్తుంది, ఇంకా దాచి ప్రయోజనం లేదు.

ఒకే రకం సీసాలు రెండు మూడు ఉంటే నా పద్ధతి చెబుతాను. చేపల పులుసు మర్నాటికి రుచి తేలుతుందని మనకు తెలుసు కదా, అదే పరీక్ష. ఒక సీసా తీసి సగం తాగి, బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు వగరు కాస్త మెత్తబడి, పండు వాసన నిన్నటికన్నా నిండుగా ఉంటే దానికి ఇంకా ఆయుష్షు ఉంది. చప్పబడితే మిగిలిన సీసాలనూ త్వరగా తీయండి.

మన ఊళ్లలో వైన్ షాపు అని బోర్డు ఉన్నా లోపల అమ్మేది ఎక్కువగా బ్రాందీ, విస్కీలే. అక్కడ వైన్ కనబడితే సంవత్సరం చూడండి, సీసా మెడలో వైన్ మట్టం బాగా దిగి ఉన్నా, బిరడా లేచి ఉన్నా కొనకండి.

సారా వద్దని 1992లో దూబగుంట ఆడవాళ్లు నిలబడిన జిల్లా మాది. మా ఇంట్లో సీసా తెరిచేది ఏడాదికి రెండు మూడు సార్లే, అదీ మనిషికి ఒక గ్లాసు. ఆ ఒక్క గ్లాసైనా బాగుండాలని నా పట్టుదల.

అందుకే ఇప్పుడు అల్లుడికి ఒకటే చెబుతున్నాను: సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే 2 లీటర్లలో వెంటనే తాగే సీసాలే తీసుకురా, మాగాల్సినవి మీ నేలమాళిగలోనే ఉంచు. 2016 బోర్డో ఒకటి అక్కడ పడుకుని ఉంది. దాని మెడకు మా ఆవిడ పేరు రాసిన చీటీ కట్టానని మొన్న ఫోటో పంపాడు. 2029 సంక్రాంతికి తెస్తాడు.